తాబేలు దిండు

"సంచిలో ఏముంది?"

ముసలాయన సంచిని ఒంటికి అదుముకున్నాడు. ఫారంలో పనిచేసే వెర్లీన్‌కి అనుమానం రావడానికి అది చాలు.

ఆ ఉదయం దీవిలోని జార్జ్ టౌన్ రేవుకు రెండు టూరిస్టు ఓడలు వచ్చాయి. తాబేళ్ళ ఫారం నిండా జనమే. పిల్ల తాబేళ్ళను నీళ్ళలోంచి ఎత్తి పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. ఈ ముసలాయన ఒక్కడే గట్టు దాటి, ఎవరూ వెళ్ళకూడని పెద్ద తాబేళ్ళ చెరువు దగ్గర నిలబడ్డాడు.

మెడలో ఓడవాళ్ళు ప్రయాణికులకిచ్చే కార్డుంది. నోట్లో మాత్రం అచ్చం దీవి యాస.

దీవి మనిషి ఓడ దిగి టూరిస్టులా తాబేళ్ళను చూడటానికి రావడమేమిటి? పోయిన నెల వెర్లీన్ డ్యూటీలో ఉండగానే ఒక తాబేలు మాయమైంది. ఇంకొకటి పోతే నువ్వూ పోతావని మేనేజరు మొహం మీదే చెప్పాడు.

"చూపించండి పెద్దాయనా."

"ఏం లేదమ్మా, చెక్క."

తీసి చూపించాడు. మధ్యలో గుంట తీసిన చిన్న మొద్దు. వాడి వాడి నున్నబడింది. ఒక పక్క చేపల గాలం బొమ్మ చెక్కి ఉంది.

దీవిలో పుట్టినవాళ్ళకు అదేమిటో వేరే చెప్పక్కర్లేదు. తాబేలును వెల్లకిలా తిప్పి పడవలో వేసుకుపోయేవాళ్ళు, దాని తల వేలాడకుండా కింద పెట్టే దిండు.

"భేష్! దిండు కూడా వెంట తెచ్చుకున్నారే. మరి పడవ ఎక్కడ కట్టేశారు?"

"అయ్యో, అందుకు కాదు తల్లీ. ఇవాళ అడీనాను సముద్రంలో వదిలేస్తున్నారట కదా?"

"మీకెవరు చెప్పారు?"

"పేపర్లో పడిందట. సముద్రం అవతల టాంపాలో మా అల్లుడు చదివి వినిపించాడు. అందుకే ఈ ఓడెక్కా."

అడీనా ఆ ఫారానికి పెద్ద తల్లి. మహా తుపాను వచ్చిన ఏడాది అలలు గోడ దాటొచ్చి తల్లి తాబేళ్ళన్నిటినీ ఊడ్చుకుపోయాయి. తిరిగొచ్చింది అదొక్కటే. ఎవరో తెల్లారేసరికి గేటు ముందు వదిలిపెట్టి, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. ఇప్పుడు టూరిస్టులు ముద్దు చేస్తున్న పిల్లలన్నీ దాని సంతానమే. ఎంతో కాలం తర్వాత ఉద్యోగంలో చేరిన వెర్లీన్ కూడా ఆ కథను కళ్ళారా చూసినట్టే రోజూ టూరిస్టులకు చెబుతుంది. అడీనా గుడ్లు పెట్టడం మానేసింది. ఇంకాసేపట్లో దానికి సెలవు.

"బండి మీద వెల్లకిలా వేసి తీసుకెళ్తారు కదమ్మా. తల వేలాడితే దానికి నరకం. ఈ దిండు పెడతాను. ఒడ్డు దాకా పక్కన నడుస్తాను. ఆఖరిసారి చూసి పోతా, అంతే."

"మా తాబేలు తల సంగతి మేం చూసుకుంటాం లెండి."

"అది కాదు తల్లీ. తుపాను ఏడాది నేను..."

"ఆ ఏడాది సంగతి నాకు చెప్పకండి! కొట్టుకొచ్చిన తాబేళ్ళన్నీ ఎవరెవరి కుండల్లో ఉడికాయో దీవంతా ఎరుగును. మీ ఇంట్లో ఎన్ని ఉడికాయేంటి?"

ముసలాయన మొహం చిన్నబోయింది.

"ఉడకేసుకోడానికి మాకు ఇల్లే మిగల్లేదమ్మా. అందుకేగా టాంపా పోయాం."

"మాటలైతే కోటలు దాటుతున్నాయి. పదండి, పదండి."

దిండు లాక్కుంది. రెక్క పట్టుకుని గేటు దాకా నడిపించి, ఓడ దాకా వెళ్ళే బస్సెక్కించింది. అందరూ చూస్తుండగానే. ఆయన ఎదురు తిరగలేదు. కిటికీలోంచి ఒక్క మాటన్నాడు.

"దిండు మాత్రం దానికే వాడు తల్లీ."

బస్సు కదిలాక వెర్లీన్ ఊపిరి పీల్చుకుంది. ఉద్యోగం నిలబడింది. దొంగను పట్టిన ఉత్సాహంలో మేత గదిలోకి వెళ్ళబోతూ తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిన మొద్దును తన్నుకుంది. రోజుకొకసారైనా దానికి కాలి వేలు తగలాల్సిందే. తిట్టుకుంటూ బయటికొచ్చింది.

అప్పటికే నలుగురు కలిసి అడీనాను బండి మీద వెల్లకిలా వేశారు. తల అంచు మీంచి కిందికి వేలాడుతోంది. నోరు తెరిచి రొప్పుతోంది.

"తల కింద ఏదైనా పెట్టండర్రా, చచ్చిపోతుంది!" అని అరిచాడు ఓర్మన్. ఫారంలో అందరికన్నా పాతకాపు ఆయనే.

"ఇదుగో అంకుల్, దొంగసొత్తు." వెర్లీన్ నవ్వుతూ దిండు అందించింది.

అడీనా తల ఆ గుంటలో సరిగ్గా ఇమిడింది. రొప్పడం తగ్గింది.

ఓర్మన్ చెయ్యి మాత్రం దిండు మీదే ఉండిపోయింది. గాలం బొమ్మను వేలితో తడిమాడు.

"ఎవరిదమ్మాయ్ ఇది?"

"ఓడలో వచ్చిన ముసలాడిది. అడీనాను చూడాలట! మెడ పట్టి పంపించేశా."

ఓర్మన్ మేత గది దగ్గరికి నడిచి, తలుపు కింది మొద్దును పెరికి తెచ్చాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న మేత మడ్డిని చొక్కా అంచుతో తుడిచాడు.

మధ్యలో గుంట. పక్కన అదే గాలం. ఒకే చేతి పని.

వెర్లీన్‌కి ఎందుకో ఇంకా తెలియదు, కానీ పెద్ద తప్పు జరిగిపోయిందని మాత్రం తెలిసింది.

రేవు వైపు నుంచి ఓడ కూత వినిపించింది.

"ఏంటంకుల్ అది?"

"అడీనా మన గేటు ముందు దొరికిన రోజు దాని తల కింద ఉన్న దిండమ్మా ఇది."