అత్తమ్మ ఎదురుచూపు

తుర్కపల్లి మందుల పరిశోధన ల్యాబ్‌లో ఆ రాత్రి నయన ఒక్కతే మిగిలింది. తెరమీద ఉన్నది ఆమె అత్తమ్మ లక్ష్మీకాంతమ్మ కడుపు. మనిషి పోయి ఏడాది దాటింది. బతికుండగా తీసిన స్కాన్‌తో కట్టిన నమూనా అది. తాగిన జావ కడుపులో ఎట్లా సుడి తిరుగుతుందో కంప్యూటర్ లెక్కగట్టి చూపిస్తుంది.

"నా కడుపు సినిమాల ఏస్తవా బిడ్డా? ముందు జల్దీ ఇంటికి రా," అని స్కాన్ తీసిన రోజు నవ్విందామె. కోడలు రానిదే ముద్ద ముట్టేది కాదు.

"మీరు తినుండ్రి అత్తమ్మా, నా పానం తియ్యకుండ్రి," అని ఫోన్లో కసిరేది నయన. చివరి రాత్రి కూడా కసిరింది. ఇంటికొచ్చేసరికి రెండు కంచాలూ బోర్లించే ఉన్నాయి, అత్తమ్మ ప్రాణాలతో లేదు.

పగలంతా సాఫీగా దిగిన జావ ఇప్పుడు కడుపు పైమూతి దగ్గరే ఆగిపోయింది. చదువుకున్న మనిషి కాబట్టి నయన ముందు లెక్కలు చూసింది, తర్వాత వైర్లు చూసింది. తప్పేం లేదు. మూతి మాత్రం బిగుసుకునే ఉంది.

నయన మధ్యాహ్నం ముట్టని టిఫిన్ డబ్బా తెరిచింది.

"తింటున్న అత్తమ్మా."

చల్లారిన ముద్ద మింగింది. తెరమీద మూతి మెల్లగా తెరుచుకుంది. జావ దిగసాగింది.

రెండో ముద్ద దగ్గర ఆమె చెయ్యి ఆగింది. జావ కూడా ఆగి, ఎదురుచూసింది.