టోకెనమ్మ

ఆవేళ కూడా ఆవిడ టోకెన్ తీసుకుంది. ఆవేళ కూడా తన వంతు వేరేవాళ్ళకిచ్చేసింది.

"చూశావుటే అమ్మాయ్, మళ్ళీ అదే పని!" అన్నాడు మామయ్య, పళ్ళ డాక్టరమ్మ గదిలోకి తల దూర్చి.

"ఉండనీ మామయ్యా. కుర్చీ అరిగిపోతుందా ఏమిటి?" అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ.

దర్జీ కొట్టు మీది మేడగదే ఆ ఆసుపత్రి. పెద్దాసుపత్రిలో ఉద్యోగం మానేసి డాక్టరమ్మ సొంతంగా పెట్టుకుంది. ఏడాది తిరిగేలోగా నిలదొక్కుకోకపోతే తలుపులు మూసేసి, మళ్ళీ అక్కడికే వెళ్ళి తలొంచుకు నిలబడాలి.

బయటి వ్యవహారమంతా మేనమామదే.

మామయ్య, పాపం, జన్మంతా గిన్నెల కొట్టు నడిపిన మనిషి. బిందె అమ్మాలంటే వేలితో ఠంగుమనిపించి చేతిలో పెట్టేవాడు. ఆ మోత విన్నాక ఇక మాటలెందుకు?

ఇక్కడేం మోగించి చూపిస్తాడు? పన్ను పీకేదాకా తెలియదాయె, ఎలా పీకుతారో!

అందుకని పెద్ద బోర్డు రాయించాడు. కుర్చీలకు మెత్తలు కుట్టించాడు. గోడకి నవ్వుతున్న పళ్ళ బొమ్మ తగిలించాడు.

జనం రావడం మొదలైంది.

"అంతా బోర్డు మహిమ!" అని మీసం దువ్వుకున్నాడు.

ఒక్క ఈవిడే అంతుబట్టలేదు. ఎండలు మండిపోతున్నా శాలువా చెవులదాకా కప్పుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. సీసాలో నీళ్ళు తల ఓ పక్కకి వంచి తాగేది. ఎవరో, ఎందుకొస్తుందో తెలియదు. మామయ్యే ఆవిడకి టోకెనమ్మ అని పేరు పెట్టాడు.

లోపల యంత్రం గుర్రుమంది. వంతు కోసం కూర్చున్న లారీ డ్రైవరు లేచి నిలబడ్డాడు.

"ఏం నాయనా, కొండంత మనిషివి, లేచావేం?" అంది టోకెనమ్మ.

"బండి అడ్డంగా పెట్టొచ్చానమ్మా. తీసి పెట్టి వస్తా."

"బండెక్కడికీ పోదులే, కూర్చో. లోపలికెళ్ళాక కళ్ళు మూసుకుని మీ ఇంటి దగ్గర్నుంచి దారి తలుచుకో. మలుపు మలుపూ తలుచుకోవాలి సుమా. నువ్వు ఊరు దాటేలోగా పన్ను చేతిలో ఉంటుంది."

డ్రైవరు నవ్వాడు. "మీకూ అలాగే పీకారా?"

టోకెనమ్మ శాలువా సర్దుకుంది.

"నా టోకెన్ తీసుకుని ముందు నువ్వెళ్ళు నాయనా. నాకేం తొందర లేదు."

మామయ్యకి ఒళ్ళు మండింది. రోజూ వచ్చి బిందెలన్నీ మోగించి, చెంబు కూడా కొనకుండా పోయేవాళ్ళని ఎంతమందిని చూడలేదు! కొనేవాళ్ళకి అడ్డం తప్ప వాళ్ళ వల్ల కొట్టుకేం లాభం? పైగా ఎదురు వీధిలో ఇంకో పళ్ళాసుపత్రి ఉంది. ఎవరు పంపారో ఏమో!

మర్నాడు తేల్చేశాడు.

"ఏమ్మా, ఇవాళైనా చూపించుకుంటారా, లేదా? ఇదేం సత్రం కాదు."

ఆవిడ మెషీను మోత వినవస్తున్న తలుపు వైపు ఓసారి చూసింది.

"ఇవాళ కాదు బాబూ," అని టోకెన్ బల్లమీద పెట్టి, మెల్లిగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

మామయ్య తృప్తిగా ఆ కిటికీ కుర్చీ దులిపించాడు. కానీ అందులో ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేదు. వచ్చినవాళ్ళు టోకెన్ తీసుకోవడం, యంత్రం మోత వినడం, "ఇప్పుడే వస్తాం" అని జారుకోవడం!

"టోకెన్లయితే ఇచ్చావు, మనుషులేరి మామయ్యా?" అంది డాక్టరమ్మ. ఆ గొంతులో బెంగ వినబడింది. పెద్దాసుపత్రివాళ్ళకి ఫోన్ చేయనా అని కూడా అడిగింది.

మామయ్య బోర్డు మార్పించాడు. మెత్తలు మార్పించాడు. పళ్ళ బొమ్మ ఎదుటి గోడకి మార్చాడు. ఏం మార్చినా ఒకటే.

అంతలో లారీ డ్రైవరు, ఇంకో పన్ను నొప్పెట్టి, దవడ పట్టుకుని వచ్చాడు.

"మీ మనిషేదండీ? ఆ శాలువా అమ్మ?"

"మా మనిషేమిటయ్యా! ఊరికే కూర్చునేది. పంపేశాను."

"అయితే నేనూ వెళ్ళొస్తా. ఆవిడ కూర్చోమంటేనే ఆ రోజు కూర్చున్నా."

డాక్టరమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"పంపేశావా? అదేంటి మామయ్యా, ఆవిడ నువ్వు పెట్టిన మనిషి కాదూ? ఆవిడ పక్కన కూర్చుని వచ్చినవాళ్ళు బెదరకుండా నోరు తెరిచేవారు. ఎంత తెలివి మా మామయ్యకి అనుకున్నానే!"

మామయ్య గబగబా మెట్లు దిగాడు.

కింద దర్జీకి ఆవిడ ఇల్లు తెలుసు. రవికలు కుట్టించుకునేదట. మామయ్య చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బయల్దేరాడు. దారంతా ఒకటే అనుకున్నాడు: జీతం ఎంతడిగినా సరే, కిటికీ కుర్చీ ఇక ఆవిడదే.

కోడలు తలుపు తీసింది.

"అయ్యో, అత్తయ్య మా ఆడపడుచు దగ్గరికి వెళ్ళిపోయారండీ. ఇక అక్కడే ఉంటారు. ఇంతకీ మీరు?"

"పళ్ళాసుపత్రి నుంచమ్మా. ఆవిడకేదైనా పని ఇద్దామని... మా దగ్గరికొచ్చేవాళ్ళ భయం ఇట్టే పోగొట్టేది."

కోడలు పకపకా నవ్వింది.

"మా అత్తయ్యా? పుచ్చిన పన్ను పీకించుకుంటానని రోజూ మీ దగ్గరికే బయల్దేరి, ఆ యంత్రం మోతకి హడలిపోయి, రోజూ పన్నుతోనే తిరిగొచ్చేవారండీ!"