గెట్టు ఫొటో

"జల్ది పెట్టవయ్యా! ఎంతసేపు తిప్పి తిప్పి చూస్తవ్ దాన్ని?"

వెంకటన్న అరుపుకు ఉలిక్కిపడి, నెగటివ్ ముక్కను జారవిడవబోయాడు స్టూడియో సతీష్.

"ఆగన్నా. ఈ రీలు పని మా నాయనతోనే పోయింది. దీన్ని ఏ దిక్కు పెట్టి స్కాన్ చెయ్యాల్నో నాకు సక్కగ తెల్వదు."

"ఏ దిక్కయితేంది? బొమ్మ పడుతదా, పడదా?"

"పడుతది గానీ..."

"గానీ లేదు, గీనీ లేదు. పెట్టు!"

ఇలాంటి మనిషితో ఎవరు వేగుతారు? పెట్టేశాడు సతీష్.

గద్వాలలో బస్సు దిగినప్పటి నుంచీ వెంకటన్న కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. అతని చిన్నాయన కొడుకు రామన్న మాత్రం బెంచీ మీద కూర్చుని తువ్వాలు మెలిపెడుతున్నాడు. ఇద్దరి చేల మధ్య ఉన్న గెట్టు దున్నుళ్లకు ఎప్పుడో చదునైపోయింది. హద్దురాయి జాడే లేదు. బావి నాదంటే నాదని తగువు. బావి ఎవరిదైతే వాళ్ల పల్లీచేను పండుతుంది, రెండోవాళ్లది ఎండుతుంది. అంతే సంగతి.

మేనత్త పుష్పమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన నెగటివ్ ఇది. బావికి మోటరు బిగించిన నాడు, వీళ్ల తండ్రులు చేలో దావత్ చేసి, రోడ్డు మీంచి తీయించిన ఫొటో. కడిగిన కాపీని చెదలు తినేశాయి. రోడ్డు మీద నిలబడి చూస్తే ఎడమ చేను వెంకటన్నది, కుడి చేను రామన్నది. ఫొటోలో రాయికి ఏ పక్క బావి ఉంటే ఆ పక్కోడిదే అని పెద్దమనుషుల ముందు ఇద్దరూ మాటిచ్చారు.

సతీష్ ఏదో నొక్కాడు. ఎర్రమట్టి రంగు తెరంతా చెరిగి, అసలు రంగులు తేలాయి. ముందు భోజనాల బంతి. వెనక రాయి. ఇద్దరి కళ్లూ ఒక్కసారే రాయి పక్కకు ఉరికాయి.

ఎడమ పక్కన బావి.

"నాదే! సూడు రామన్నా, సూడు! నేనేం జెప్పిన?"

రామన్న లేచి తెర దగ్గరికొచ్చాడు. మెలిపెట్టిన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇచ్చిన మాట మాటే అన్నా. బావి నీదే. రేపు పొద్దుగాల మోటరు వైరు ఇప్పుకుంట" అని, తెప్పించిన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

వెంకటన్నకు ఒక్క క్షణం మనసు చివుక్కుమన్న మాట నిజమే. కానీ సంబరం ఊరుకోనిస్తుందా! ఫొటో ఫోన్‌లోకి ఎక్కించుకుని, చుట్టాలందరూ ఉన్న గ్రూపులో పెట్టేశాడు. "బావి ఎవరిదో మీరే సూడుండ్రి" అని కింద రాయించాడు కూడా.

వనపర్తి నుంచి ఒకరు, నాగర్‌కర్నూల్ నుంచి ఒకరు బొటనవేళ్లు చూపించారు. వెంకటన్న ఛాతీ ఉబ్బింది. అంతలో పుష్పమ్మ గొంతు పంపింది. ఆమెకు రాయడం రాదు. సతీష్ కూడా వినాలని వెంకటన్న సౌండు పూర్తిగా పెంచాడు.

"ఓ అల్లుడా, ఫొటో మస్తుగొచ్చింది గానీ, మీ నాయన, మీ చిన్నాయన, బంతి బంతంతా ఎడమచేత్తోటి తింటున్నరేందిరా?"