పడుకుందా?

"నీ ప్రోగ్రామే నిద్రపోవడం లేదమ్మా. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు?" అన్నాడు మేనేజరు, షెడ్డులో అడుగు పెడుతూనే.

పొద్దున మళ్ళీ కారు స్టార్టు కాలేదు. రాత్రి నిండుగా ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి అడుగంటా దిగిపోయింది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో అందరూ ఆమెను జోలమ్మ అంటారు. ఆపేసిన కారును నిద్రపుచ్చడమే ఆమె ఉద్యోగం మరి. ఈ కాలపు కారులో ఒకటా రెండా, బోలెడు కంప్యూటర్లు. తలుపులకొకటి, కెమెరాలకొకటి, బ్రేకులకొకటి. అన్నీ ఈథర్‌నెట్ తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. కారు ఆపాక ఒకటి "పడుకుందామా?" అని అడగాలి, పక్కది "సరే" అనాలి. అప్పుడే ఆ తీగ నిద్రపోతుంది. తర్వాత ఏ ఒక్కదాన్ని కదిపినా అది పక్కదాన్ని లేపుతుంది, పక్కది ఇంకోదాన్ని. అన్నీ లేచి కూర్చుని బ్యాటరీని పీల్చేస్తాయి.

"నా ప్రోగ్రాం పడుకుంటోంది సార్. బయటినుంచి ఎవరో లేపుతున్నారు."

"ఎవరు లేపుతారు? షెడ్డుకు తాళం వేసుంది, ఆ తాళంచెవి నా జేబులో ఉంది. రాత్రంతా కళ్ళలో వత్తులేసుకుని చూశాను, ఒక్కసారైనా పడుకుంటేగా నీ బండి."

"సెలవురోజు చంటిపిల్లను వదిలేసి వచ్చాను సార్. తప్పు నాదైతే నాదనే చెప్తాను."

"సాయంత్రంలోగా తేల్చు. రేపు కొనేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళముందు బండి మొరాయించిందో, ఈ పని ఇంకో టీముకిచ్చేస్తాను. ఆ తర్వాత నన్నని లాభం లేదు."

ఆయన వెళ్ళిపోయాడు. పగలనక రాత్రనక ప్రాణం పెట్టి చేసిన పని, ఇంకొకళ్ళకు ఎత్తి ఇచ్చేస్తాడట. ఎంత తేలిగ్గా అనేశాడు. ఆమె బ్యాటరీ ఎంత ఖర్చవుతోందో చూపే మీటరు తగిలించి కారు ఆపింది. ముల్లు మెల్లగా దిగి సున్నా పక్కన కుదురుకుంది. కారు పడుకుంది. హమ్మయ్య అనుకునేలోగా ముల్లు ఎగిరి పైకి పోయింది. కెమెరాల తీగ పీకి చూసింది. పడుకుంది, మళ్ళీ లేచింది. తలుపుల తీగ పీకింది. అదే వరస.

ఆ కోపంలోనే ఇంటికి ఫోన్ చేసింది. "పడుకుందా?"

ఫోన్లో పాప ఏడుపు హోరెత్తింది. "లేదు," అన్నాడు భర్త.

"పొద్దుట్నుంచి ఎప్పుడడిగినా ఇదే మాట. ఒక్క పూట పిల్లను నిద్రపుచ్చడం కూడా నీకు చేతకాదా?"

"అది కాదు, నువ్వసలు..."

"నాకేం చెప్పకు. ఇక్కడ నా పీకలమీదికొచ్చింది," అని పెట్టేసింది.

ఎండ వాలే వేళకు మేనేజరు ఫోన్ చేత్తో పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ముల్లు అప్పుడే దిగి కూర్చుంది.

"చూడండి సార్, పడుకుంది."

"ఏదీ," అంటూ ఆయన మీటరు వైపు కన్నెత్తకుండా ఫోన్లో ఏదో నొక్కాడు. ముల్లు ఎగిరింది. "ఎక్కడమ్మా? మేలుకునే ఉందిగా."

ఆమె ముల్లు వంక చూసింది, ఆయన ఫోను వంక చూసింది. "అందులో ఏం చూస్తున్నారు సార్?"

"మన కారు యాప్. తలుపులు, లైట్లు, బ్యాటరీ, అన్నీ కనిపిస్తాయి. రాత్రంతా ఇంటినుంచి, పగలంతా నా గదిలోంచి ఇందులో చూస్తూనే ఉన్నా. ఎప్పుడు చూసినా మేలుకునే ఉంటుంది. అందుకేగా నీమీద కోపం."

"ఒక్క క్షణం ఆ ఫోను జేబులో పెట్టుకోండి."

ముల్లు దిగింది. ఈసారి కదల్లేదు. ఇద్దరూ చాలాసేపు నిలబడి చూశారు.

"ఇప్పుడు తీసి చూడండి."

ఆయన నొక్కాడు. ముల్లు ఎగిరింది.

ఇక ఆమె ఆగలేదు. "తలుపులు ఎలా ఉన్నాయని మీరు ఫోన్లో అడిగితే, అది లేవకుండా ఎలా చెప్తుంది సార్? హాయిగా నిద్రపోయేదాన్ని తట్టి లేపి, పడుకున్నావా అని అడుగుతారా? పైగా పడుకోలేదని నామీద విరుచుకుపడతారా? ఇన్నాళ్ళూ నన్ను నలుగురిలో నిలబెట్టి కడిగేశారే. ఆమాత్రం ఇంగితం ఉండక్కర్లేదా?"

మేనేజరు మొహం చిన్నబుచ్చుకుని ఫోను జేబులో పడేసుకున్నాడు. "రేపు వాళ్ళకు బండి నువ్వే చూపించమ్మా," అని గొణిగి వెళ్ళిపోయాడు.

కడుపులో మంట చల్లారింది. ఇంత తెలివితక్కువ మనుషులు కూడా ఉంటారా అనుకుంటూ, ఈ సంగతి ముందు భర్తకు చెప్పాలని ఇంటికి ఫోన్ కలిపింది. ఎప్పటిలాగే నోటికి ముందు వచ్చింది ఆ ఒక్క మాటే.

"పడుకుందా?"

పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"పడుకుంది," అన్నాడు భర్త పళ్ళు నూరుతూ, "నువ్వు ఫోన్ చేసేదాకా."