గుడ్లగూబ కుర్చీ

"మళ్ళీ వచ్చి కూర్చుంది చూడండి, గుడ్లగూబ!"

ఓడ పైడెక్ మీద, ఈతకొలను మెట్ల పక్కన, నీడ పడే ఒకే ఒక్క కుర్చీని చూపిస్తూ భర్తతో అంది ఆమె.

కుర్చీలో నెరిసిన జుట్టు పెద్దావిడ. రోజూ తెల్లారేసరికి ఆ కుర్చీ మీద ఆవిడ టవల్ పరిచి ఉంటుంది. నీళ్ళలో దిగదు. పుస్తకం చదవదు. ఓ కునుకైనా తీయదు. కళ్ళు పెద్దవి చేసుకుని కొలనులోకే చూస్తూ ఉంటుంది.

"పోనిద్దూ. షిప్ అన్నాక నలుగురూ నాలుగు రకాలుగా ఉంటారు," అన్నాడు భర్త.

రకాలకేం కరువు లేదు ఆ ఓడలో. లిఫ్టులో బొత్తాలన్నీ నొక్కి పారిపోయే పిల్లలు, భోజనాల దగ్గర లైను తోసుకుని ముందుకొచ్చే మొగుళ్ళు, వరండాకి అడ్డంగా నిలబడి ఊసులాడే పెళ్ళాలు. అందర్నీ భరించింది ఆమె. ఆ కుర్చీ విషయంలోనే ఓర్పు నశించింది. ఏడాది పొడవునా ఇంట్లో, ఆఫీసులో గొడ్డుచాకిరీ చేసిన మనిషి. ఈ ఒక్క వారం నీడపట్టున కాళ్ళు చాపుకుని కూర్చోవాలనుకుంది. ఆ మాత్రం కోరిక ఎవరికైనా ఉంటుంది.

ఆరేళ్ళ కూతురు అప్పటికే నీళ్ళలో ఉంది. ఇంట్లో అందరూ దాన్ని పిచ్చుక అంటారు.

"దాన్ని కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా," అంది అత్తగారు.

"లైఫ్ గార్డ్ ఉన్నాడు కదత్తయ్యా!"

కొలను అవతల ఎర్ర టీషర్టు మనిషిని చూపించి ఫోన్ తీసింది. ఆ ఎర్ర టీషర్టు కనిపిస్తే చాలు, ఆమెకి కొండంత ధైర్యం.

"పాపా, అటు లోతు! ఇటు వచ్చెయ్!"

పెద్దావిడ గొంతు. పిచ్చుక బుద్ధిగా ఇటు వచ్చేసింది. ఆవిడ పిచ్చుక తల్లి వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఫోన్ ఎక్కడికీ పోదు. పిల్లని చూసుకో తల్లీ."

చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"మా పిల్ల సంగతి మాకు తెలుసండీ. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

పెద్దావిడ మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది.

ఆ సాయంత్రమే ఆమె ఓడ ఆఫీసుకి వెళ్ళింది.

"టవల్ పరిచి కుర్చీ ఆపుకోకూడదని మీ రూలే కదా? మరి కొలను దగ్గర ఆ పెద్దావిడ సంగతేంటి?"

"ఖాళీగా వదిలేసి వెళ్తేనే మేడమ్. ఆవిడ కదలరు కదా," అన్నాడు గుమాస్తా.

అది చాలదనిపించి ఇంకో మాట కలిపింది.

"కదలకపోతే సరా? పొద్దస్తమానం పిల్లల్నే చూస్తుంది. అదేం చూపో! నా కూతుర్ని నీళ్ళలోకి పంపాలంటేనే భయమేస్తోంది."

గుమాస్తా ముఖం మారింది. "మేం మాట్లాడతాం మేడమ్."

ఆ మాట అనేశాక ఆమెకే మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. భోజనాల వేళకి మరిచిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎర్ర టీషర్టు మనిషి ఆ టవల్ మడిచి పెద్దావిడ చేతికిచ్చాడు. తల దించుకుని ఏదో చెప్పాడు. ఆవిడ ఆమె వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇలా కూడా అంటారా అన్నట్టు చూసి, లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు ఓడ రేవులో ఆగింది. అందరూ దిగి ఊరు చూసొచ్చారు.

తర్వాతి రోజు కుర్చీ ఆమెదే. ఎంత హాయో! అక్క ఫోటోలు పంపమంటే, మంచివి ఏరి పంపుతూ కూర్చుంది.

పిచ్చుక కేక వెయ్యలేదు. నీళ్ళు కూడా పెద్దగా కదల్లేదు. ఈదుతున్న ఒకాయన కాలికి మెత్తగా ఏదో తగిలి, ఆయన గావుకేక పెట్టాడు. అప్పుడు తలెత్తింది ఆమె.

ఓడలోని ఆసుపత్రి గదిలో పిచ్చుక ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఊపిరి అందుకుంది. స్పృహ ఇంకా రాలేదు. "చూద్దాం," అన్నాడు డాక్టరు.

పిచ్చుక చెప్పులు ఇచ్చిపోదామని ఎర్ర టీషర్టు మనిషి గుమ్మంలోకి వచ్చాడు. ఆమె ఒక్క ఉదుటున వెళ్ళి అతని కాలరు పట్టుకుంది.

"నీ కళ్ళేమయ్యాయి? నా బిడ్డ మునిగిపోతుంటే ఏం చేస్తున్నావ్? లైఫ్ గార్డ్‌వి కాదూ నువ్వు?"

"కాదు మేడమ్," అన్నాడతను. "నేను టవల్స్ ఇచ్చేవాణ్ణి. అటు తిరిగి మడతలు పెడుతున్నా. ఈ షిప్‌లో పూల్‌కి లైఫ్ గార్డ్ లేడు. ఎవరి పిల్లల్ని వాళ్ళే చూసుకోవాలని బోర్డు కూడా పెట్టారు."

ఆమె చేతులు జారిపోయాయి.

"మరి... ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ ఆ పెద్దావిడ ఉండేది కదా. మొన్న ఒక బాబు లోతులోకి జారితే, ఆవిడ కేకేస్తేనే నేను పరిగెత్తింది."

"ఏదీ ఆవిడ? ఎక్కడుంది? పిలవు బాబూ, కాళ్ళు పట్టుకుంటాను!"

"రేవులో దిగిపోయింది మేడమ్. అంత మాట పడ్డాక ఇక ఉండలేనంది. మళ్ళీ ఎక్కలేదు."

ఆమె వెనక్కి తిరిగి పిచ్చుక మంచం వైపు చూసింది.

"ఆవిడ... మీ కంపెనీ మనిషా?"

"అబ్బే, మీలాగే టికెట్ కొనుక్కుని ఎక్కిన ప్యాసింజరే. ఈత కూడా రాదు. పిల్లల మీద ఒక కన్నేసి ఉంచేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా అని కూర్చునేది, అంతే మేడమ్."