పుంత లేని పటం

గవర్నర్‌పేటలోని ఏసీ హాల్లో, గోడంత తెర మీద, రిజర్వాయర్ చుట్టూ ఉన్న పన్నెండు వందల ఎకరాల ప్రభుత్వ భూమిని ముప్పై ఏళ్లపాటు ఎలా చూసుకోవాలో చూపిస్తున్నారు.

పటంలో పచ్చరంగు వేసిన చోట వాకింగ్ ట్రాక్. పసుపు వేసిన చోట పర్యాటకుల కుటీరాలు. గులాబీ రంగు వేసిన చోటికి ‘ప్రకృతి ఆస్వాదన మండలం’ అని పేరు. ప్రస్తుతం అక్కడ ప్రకృతిని ఆస్వాదిస్తున్నవి గేదెలు. ఆ సంగతి రంగులు వేసినవాళ్లకి తెలియదు. తెలియాలంటే కారు దిగాలి.

సభ నడుపుతున్నది ప్రాజెక్టు అధికారి వెంకటకృష్ణారావు. రిజర్వాయర్ గట్టు మీది ఊరి అభిప్రాయం అడగడానికి ఊరి జనాన్నే నలభై కిలోమీటర్ల దూరంలోని విజయవాడకి రప్పించిన పెద్దమనిషి. నూట ఇరవై మంది ట్రక్కు ఆటోల్లో వచ్చారు. వాళ్లు లోపలికి రాగానే మొదటి వరుసలోని కన్సల్టెంటు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరైనా మాట్లాడొచ్చు. క్లుప్తంగా," అన్నాడు అధికారి వాచీ చూసుకుంటూ.

వచ్చినవాళ్లలో జహీదా ఒకతి. ఆమెకి ఆరు గేదెలు. పాలమ్మి కూతురు అఫ్సాని డిగ్రీ చదివిస్తోంది. గేదెలు నీళ్లకి దిగేది ఊరి పుంత మీదుగా. తాతల నాటి నుంచీ బళ్లూ పశువులూ నడిచే ఆ దారి ఈ పటంలో లేదు. అది ఉండాల్సిన చోట పసుపు రంగు ఉంది. పుంత పోతే కంచె చుట్టూ తిరిగి వెళ్లాలి. రానూ పోనూ తొమ్మిది కిలోమీటర్లు. మే నెల ఎండలో అంత దూరం నడిచిన పాడిగేదె ఇంక పాలేమిస్తుంది?

అందుకే ఆమె తహసీల్దారు ఆఫీసు చుట్టూ మూడు వారాలు తిరిగి పాత గ్రామపటం నకలు సంపాదించింది. అందులో పుంత ఉంది, నెంబరుతో సహా. సభ నోటీసు కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న మాట కూడా అఫ్సా చేత చదివించుకుంది. రాతపూర్వకంగా వచ్చిన అభ్యంతరాన్ని సభలోనే ముద్ర వేసి నమోదు చేయాలట. దానికి జవాబు చెప్పేదాకా ప్రణాళిక అంగుళం కదలకూడదట.

ఊరికి ఇది నచ్చలేదు. ఊరికి చక్రి ఉన్నాడు. విజయవాడ నుంచి వచ్చిన ఉద్యమ నాయకుడు. నెల రోజులుగా పంచాయతీ ఆఫీసు ముందు మైకు పెట్టి మాట్లాడుతున్నాడు. అసలు ఈ ప్రణాళిక గురించి ఊరికి మొదట చెప్పిందే అతను.

"దరఖాస్తు అంటే దేబిరించడం," అనేవాడు. "మన భూమి గురించి మనం గొంతెత్తి అడగాలి గానీ, కాగితాలు పట్టుకుని క్యూలో నిలబడతామా?"

అప్పటికే దరఖాస్తులు రాసుకున్న నలుగురైదుగురు సిగ్గుపడి చించేశారు. జహీదా చించలేదు.

సభలో చక్రి లేచాడు. ఇరవై నిమిషాలపాటు అధికారుల్ని ఉతికి ఆరేశాడు.

"గేదెకి పై వరస ముందు పళ్లుండవని కూడా తెలియనివాళ్లు మా భూములకి రంగులేస్తారా?"

హాలంతా చప్పట్లు. వెంకటకృష్ణారావు తల దించుకున్నాడు.

ఆ సందట్లో జహీదా రిజిస్టరు బల్ల దగ్గరికి వెళ్లింది. క్లర్కు వినీల ఆమె అభ్యంతరం రాసిన కాగితం చదివింది.

"పుంత నెంబరు కూడా రాశారే! మంచి పని చేశారండీ," అంటూ రిజిస్టరు తెరిచింది. స్టాంపు ప్యాడ్ మూత తీసింది.

చక్రి గొంతు ఒక్కసారిగా పెరిగింది. ప్రణాళిక ప్రతిని నిలువునా చించి వేదిక మీదికి విసిరాడు.

"ఈ బూటకపు సభని బహిష్కరిస్తున్నాం! సిగ్గూ శరం ఉన్నవాళ్లంతా నా వెంట రండి!"

అందరూ లేచారు. పక్కింటి వెంకటరత్నమ్మ వచ్చి జహీదా మోచెయ్యి పట్టుకుంది.

"ఏంటే, ఊరంతా వెళ్లిపోతుంటే నువ్వొక్కదానివీ వాళ్ల కాళ్లు పట్టుకుంటావా?"

"ఒక్క నిమిషం అక్కా, ముద్ర పడిపోద్ది."

"అయితే ఆ ముద్ర ముఖానేసుకో. రేపట్నించి నీ పాలు ఎవరు పోయించుకుంటారో చూద్దాం."

వెనక నుంచి ఎవరో "అమ్ముడుపోయింది" అన్నారు. ఇంకెవరో తుపుక్కున ఉమ్మారు. జహీదా మొహం మండిపోయింది. ఆ మాట పడటం ఆమె వల్ల కాలేదు. వినీల చేతిలోంచి కాగితం వెనక్కి తీసుకుని, మడిచి, జనంతోపాటు బయటికి నడిచింది.

రోడ్డు మీద నినాదాలు మోగాయి. సిటీ బస్సులు ఆగిపోయాయి. ఎవరో చక్రి మెడలో దండ వేశారు. కుర్రాళ్లు అతన్ని భుజాలకెత్తుకున్నారు. ఆ విజయోత్సాహంలో జహీదాకి ఆటోలో చోటివ్వడం ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినవాళ్లు మొహం తిప్పుకున్నారు. ఆమె బస్టాండు వైపు నడిచింది.

ఖాళీ హాల్లో వినీల రిజిస్టరు పట్టుకుని నిలబడింది.

"సార్, అభ్యంతరాల కాలమ్‌లో ఏం రాయమంటారు?"

"ముద్ర పడినవి ఏమైనా ఉన్నాయామ్మా?"

"లేవు సార్."

"అదే రాయి. ‘లేవు’ అని."

ఆమె రాసింది. ఆయన సంతకం పెట్టాడు. ముప్పై ఏళ్ల ప్రణాళిక పుంత లేకుండానే ఆమోదానికి వెళ్లిపోయింది.

వినీల బయటికి వెళ్లాక వెంకటకృష్ణారావు తలుపు దగ్గరగా వేసి ఫోన్ చేశాడు.

"చక్రీ, గురువారం అవతలి గట్టు ఊళ్ల సభలో మాత్రం ఇంకాస్త ముందే బహిష్కరించవయ్యా, ఇవాళ ఆవిడ కాగితం మీద ముద్ర పడినంత పనైంది."