చవిటిమట్టి గోడ

గడ్డి తప్ప ఇంకేం కనపడని మైదానం అంచున ఎలకల రాజ్యం ఉండేది. ఊరూరా తిరిగే మేకలు ఏటా అటొచ్చేవి. జొన్నలు తినేస్తాయేమోనని రాజుగారు చవిటిమట్టితో పెద్ద గోడ కట్టించి, పిట్టమూతి అనే ఎలకని కాపలా పెట్టారు.

"గోడ పడిందో, నీ తోక కత్తిరిస్తా!"

మేకలు కనపడగానే ఎలకలన్నీ కలుగుల్లో దూరేవి. బయటికొచ్చేసరికి గోడ సగమే ఉండేది. ఎత్తు పెంచేకొద్దీ మేకలూ ఎక్కువొచ్చేవి.

ఈసారి పిట్టమూతి దాక్కోలేదు. తోక గట్టిగా పట్టుకుని గోడ దిగింది.

"మేకత్తా, నీకు దణ్ణం పెడతా. మా జొన్నలు వదిలెయ్యవే, నా తోక పోద్ది!"

గోడ నాకుతున్న ముసలిమేక పకపకా నవ్వింది. "మీ జొన్నలెవరిక్కావాలిరా అల్లుడూ? మైదానంలో మాకు ఉప్పు దొరకదు. మీ చవిటిమట్టి గోడంతా ఉప్పే, ఎంత కమ్మగుందో! వచ్చే ఏడు ఇంకాస్త ఎత్తుగా కట్టండి."

సంగతి విని రాజుగారు కాసేపు మీసాలు దువ్వుకున్నారు. "అయితే ఇన్నాళ్ళూ వాళ్ళకి మనమే విందు పెట్టామన్నమాట!" అని పొట్ట పట్టుకుని నవ్వారు.

గోడ తీసేసి ఆ మట్టి మైదానంలో కుప్ప పోయించారు. మేకలు నాకినంత నాకి, పోతూ పోతూ చేలో ఎరువేసి పోయాయి. ఆ ఏడు జొన్న విరగ్గాసింది.

పిట్టమూతి ఇప్పటికీ కాపలాకి వెళ్తుంది. మేకలు ఒక్కరోజు ఆలస్యమైతే చాలు, దిగులు దానికి.